చేరదీయడం, చేర్చుకోవడం

తెలుగులో ‘చేరదీయడం’ అని ఒక మాటుంది. ‘చేర్చుకోవడం’ అని ఇంకో మాటుంది. రెండూ ఒక తల్లి పిల్లలే. కానీ వాటి మధ్య ఎంత దూరమో చూడండి! దిక్కులేని పిల్లని చేరదీస్తాం. వానలో తడిసి వచ్చిన కుక్కపిల్లని చేరదీస్తాం. చేరదీసే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. బడిలో అయితే చేర్చుకుంటారు. జూన్ నెల రాగానే పిల్లల్ని తీసుకెళ్ళి, ఫీజు కట్టి, రసీదు మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేస్తాం. “మీవాణ్ణి ఫలానా బడివాళ్ళు చేరదీశారటగా” అని ఎవరైనా అంటే మనకి ఒళ్ళు మండదూ?

మరి మాట రాని పిల్లాణ్ణో, నడక రాని పిల్లనో బడిలో వేస్తే ఊరంతా చేరదీశారన్నట్టే మాట్లాడుతుంది. ఆ తల్లి కూడా అలాగే అనుకుంటుంది. అలా అనుకోవాలని మనమూ లోపల్లోపల కోరుకుంటాం.

మా ఎదురింటివాళ్ళ మనవడికి నాలుగేళ్ళు. చూడచక్కని పిల్లాడు. పిలిస్తే పలకడు, కళ్ళలోకి చూడడు, మాటలు రాలేదు. ఆటిజం అన్నారు డాక్టర్లు. రెండేళ్ళు నిండకముందే ఆ తల్లికి అనుమానం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకుంటేగా! “మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయమ్మా” అని ఒకావిడ. “మా మరిది అయిదేళ్ళకి నోరు విప్పాడు, ఇప్పుడు లాయరు, మూయించలేక చస్తున్నాం” అని ఇంకొకావిడ. గ్రహణంనాడు కూరలు గాని తరిగావా అని ఆరా తీసే పెద్దవాళ్ళు వేరే. ఓదార్చేవాళ్ళూ, ఆరా తీసేవాళ్ళూ కలిసి ఆ అమ్మాయి దగ్గర ఏడాదిన్నర కాలం తినేశారు.

చివరికి ఒక పేరున్న బడివాళ్ళు ఒప్పుకున్నారు. “మానవతా దృక్పథంతో తీసుకుంటున్నాం” అన్నారట ప్రిన్సిపాల్ గారు. ఆ అమ్మాయి చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చింది. ఫీజు మాత్రం మానవతా దృక్పథంతో ఒక్క రూపాయి తగ్గించలేదు సుమా! దసరా సెలవులకి ముందు మళ్ళీ పిలిచి, “ఇంకో ఏడాది ఇంట్లో ఉంచుకుంటే బాబుకే మంచిది” అన్నారు. ఆ అమ్మాయి మళ్ళీ దణ్ణం పెట్టి వచ్చేసింది.

మొదటి దణ్ణం నాకు అర్థమయింది. ఈ రెండో దణ్ణమే చాలా రోజులు నన్ను వదలలేదు. పోట్లాడవలసిన చోట దణ్ణం ఎందుకు పెట్టింది? నాకు తోచిన జవాబు ఒకటే. దయగా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుంటే అడగడానికి మనకి నోరుండదు.

దయ చెడ్డదని నేననను. దయ లేకపోతే ఈ లోకంలో సగం మందికి పూట గడవదు. కానీ ఒకరి దయమీద రోజూ నిలబడి ఉండడం ఎంత అలసటో ఆలోచించండి. మనవాడు పక్కపిల్లని గిచ్చాడనుకోండి, “పిల్లలన్నాక గిచ్చుకోరూ” అని నవ్వేస్తాం. ఆ తల్లి అలా అనగలదా? వాళ్ళబ్బాయి గిచ్చితే అది జబ్బు కింద లెక్క. మన పిల్లలకి అల్లరి చేసే స్వాతంత్ర్యం ఉంది. ఆ పిల్లాడు మాత్రం బుద్ధిమంతుడుగా ఉన్నన్నాళ్ళే బడిలో ఉండాలి. వాళ్ళమ్మ అందరినీ చూసి నవ్వుతూనే ఉండాలి.

మా నవలల సంగతీ అంతే. అవిటి పిల్లో, బుద్ధి ఎదగని తమ్ముడో కథలోకి వచ్చారంటే హీరోగారి మంచితనం చూపించడానికే. ఆయన ఆ పిల్ల తల నిమురుతాడు, హీరోయిన్ తలుపు చాటునించి చూసి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. పని అయిపోయాక ఆ పిల్ల ఎక్కడికి పోయిందో ఏ పాఠకురాలూ ఉత్తరం రాసి అడగదు.

పేర్లయితే మార్చుకుంటూ వస్తున్నాం. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరులోనే ‘మానసిక వికలాంగులు’ అని ఉండేది. ఇప్పుడు అది మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ. అవిటివాళ్ళన్నాం, వికలాంగులన్నాం, దివ్యాంగులంటున్నాం. మధ్యలో ఎక్కడో మామూలుగా ‘పిల్లలు’ అనడం మరిచిపోయామేమో అని నా అనుమానం.

చట్టాలూ మారాయి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. అందులో ఆటిజం పేరే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి, ఆటిజం కూడా వాటిలో ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వివక్ష చూపకుండా పిల్లల్ని చేర్చుకోవాలనీ, అందరితో కలిపి చదివించాలనీ ఆ చట్టం చెబుతోంది. దీన్నే సమ్మిళిత విద్య అంటున్నారు. పేరు కొంచెం నోరు తిరగదు గానీ విషయం సులువే: ఒకే గది, ఒకే చాప. అయితే ఒక చిక్కుంది. ఉచితంగా చదువుకునే హక్కు ఆరేళ్ళనించి మొదలవుతుంది. 2009 విద్యాహక్కు చట్టంలో ఆరునించి పధ్నాలుగు, ఈ పిల్లలకి 2016 చట్టంలో పద్ధెనిమిది దాకా. మరి మూడేళ్ళవాడి మాటేమిటి? ఏ వయసులో చెయ్యి పట్టుకుంటే ఎక్కువ మేలు జరుగుతుందో ఆ వయసులోనే హక్కు పల్చగా ఉంది. అంగన్‌వాడీల్లో ఇలాంటి పిల్లల్ని ఎలా గుర్తించాలి, ఎలా కలుపుకోవాలి అని కేంద్రం 2023లో ఒక విధానం విడుదల చేసింది. మంచిదే. కానీ మన బోటి ఇళ్ళ పిల్లలు అంగన్‌వాడీకి వెళ్ళరు కదా! సందు చివర మేడమీద, రంగు రంగుల గోడల నర్సరీకి వెళతారు. అక్కడ చట్టం కంటే ఆ నర్సరీ నడిపే ఆవిడ మనసే పెద్దది.

చట్టం గట్టిగా ఉన్నచోట అంతా బాగుంటుందా అంటే అదీ చెప్పలేం. అమెరికాలో ఇలాంటి పిల్లల చదువుకి 1975లోనే చట్టం చేశారు. 1986లో దాన్ని మూడేళ్ళ పిల్లలదాకా గట్టిపరిచారు. పిల్లకి ఏం నేర్పాలో ఏడాదికోసారి అందరూ బల్ల చుట్టూ కూర్చుని తేల్చాలి. అందులో తల్లిదండ్రులు కూడా సభ్యులు, ఎవరూ దయతలచి పిలిచినవాళ్ళు కారు. మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. దాని కూతురికి ఇలాంటి సమావేశమే జరిగింది. టీచరు, మాటలు నేర్పే ఆవిడ, మనస్తత్వం చూసే ఆయన, ఇంకా ఎవరెవరో. అందరూ మర్యాదగా ఉన్నారట. దోభాషి కావాలంటే దోభాషిని కూడా ఏర్పాటు చేస్తారట. ఇది ఇంగ్లీషులో ఎమ్మే చదివింది, దీనికి దోభాషి ఎందుకు? తీరా కూర్చున్నాక, పిల్ల సాయంత్రంపూట మారాం చేస్తుందని చెప్పబోయింది. ‘మారాం’ అన్న మాటకి ఇంగ్లీషులో ఏం చెప్పాలో తెలియక ‘టాంట్రమ్’ అంది. వాళ్ళు రాసుకున్నారు.

“మారాం అంటే అది కాదు కదక్కా” అంది ఫోన్‌లో. “మారాంలో కోపం ఎంత ఉంటుందో గారం అంత ఉంటుంది. ఒళ్ళోకి తీసుకోమని చేసే గొడవ అది. దాన్ని తీసుకెళ్ళి రోగాల కింద రాసుకున్నారు. నేనే రాయించాను.”

నేను బి.ఏ. చదివినదాన్ని. వైద్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ మాటల గురించి మాట్లాడగలను. ఒక ఇంటివాళ్ళని లోపలికి రమ్మనడమంటే వాళ్ళ పిల్లని వాళ్ళ మాటల్లో విందామనడమే అని ఆ ఫోన్ పెట్టేశాక నాకనిపించింది.

ఆ వినడం ఎలా ఉంటుందో కళ్ళారా చూశాను కూడా. ఎదురింటి అమ్మాయి నిరుడు జూన్‌లో ఇంకో చిన్న బడి వెతుక్కుంది. మామూలు పిల్లలూ, వీడి లాంటి పిల్లలూ కలిసి ఉండే బడి. మొదటిసారి వెళ్ళేటప్పుడు తోడు రమ్మంటే వెళ్ళాను. అత్తగారు కూడా వచ్చింది. టీచరుకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. నేల మీద చాప వేసి ఉంది, ఆవిడా మాతోపాటు దాని మీదే కూర్చుంది. ఎదురింటి అమ్మాయి అలవాటు ప్రకారం సంచీలోంచి ఫైలు తీసింది. రెండేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ ఫైలే కదా! రిపోర్టులు, స్కానులు, పరీక్షల మార్కులు. టీచరు దాన్ని పుచ్చుకుని పక్కన పెట్టి, “ఇది రాత్రి చదువుకుంటాను. ముందు చెప్పండి, వీడికి ఏమిష్టం?” అంది.

ఆ అమ్మాయికి జవాబు రాలేదు. రాక కాదు, ఆ ప్రశ్న ఎవరూ ఇంతవరకూ అడగలేదు. ఏం చెయ్యలేడు, ఎప్పటినించి చెయ్యడం లేదు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఇవీ అందరూ అడిగేవి. అత్తగారే అందుకుంది. “పెసలు నానబోస్తే చాలమ్మా, చేతులు మోచేతుల దాకా పెట్టుకుని గంటసేపు కూర్చుంటాడు. పెసరట్టు తింటాడనుకునేరు, ముట్టడు! కుక్కరు కూత పెడితే మాత్రం మంచం కింద దూరతాడు.” ఇంట్లో ఏం పేరు పెట్టి పిలుస్తారు, దాహమైతే ఎలా అడుగుతాడు, ఏడిస్తే ఎవరి దగ్గరికి వెళతాడు అని ఇంకా అడిగింది టీచరు. మంచినీళ్ళు కావాలంటే నాన్న చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళతాడని అత్తగారే చెప్పింది. “అయితే అడగడం వచ్చన్నమాట” అంది టీచరు మామూలుగా. ఆ మాటకి ఎదురింటి అమ్మాయి తలెత్తి ఆవిడ వంక చూసిన చూపు నేను మరిచిపోలేను.

మర్నాడు తరగతిలో ఒక మూల పెద్ద బేసిన్‌లో నానబోసిన పెసలు ఉన్నాయి. వీడు నేరుగా వెళ్ళి చేతులు ముంచాడు. పది నిమిషాల్లో బేసిన్ చుట్టూ ఏడుగురు. పెసల కోసం తోపులాట. వీడి సరదా తరగతి సరదా అయి కూర్చుంది. వాడికోసం వేరే మూల, వేరే బల్ల, వేరే ఆయా అని పెట్టి ఉంటే ఈ తోపులాట జరిగేదా?

ఆ బడికీ ఇంటికీ మధ్య ఒక నోటుబుక్కు తిరుగుతుంది. పాత బడిలోనూ ఉండేది. అందులో “కొరికాడు, విసిరాడు, కూర్చోలేదు” అని ఎర్ర సిరాతో రాసేవారట. ఇందులో కొరికిన సంగతి రాయరని కాదు. “ఇవాళ బడిగంటకి భయపడి కొరికాడు. రేపటినించి గంట కొట్టేముందు వాడికి చెబుతాం” అని రాస్తారు. విషయం ఒకటే. ఒక పుస్తకం చదివితే తల్లి తల దించుకుంటుంది, రెండోది చదివితే రేపటి సంగతి ఆలోచించుకుంటుంది.

ఇక మిగతా తల్లుల మాట. వాళ్ళని రాక్షసుల్ని చేసి మాట్లాడడం నాకిష్టం లేదు. వాళ్ళలో మీరూ ఉన్నారు, నేనూ ఉన్నాను. జులైలో జరిగిన సమావేశంలో ఒకావిడ లేచి, “మా పాప ఆ బాబుని చూసి చేతులు తాటించడం మొదలెట్టింది. వచ్చిన మాటలు కూడా పోతాయేమోనని భయంగా ఉంది” అందట. అడగడానికి ఆవిడ ఎంత కూడగట్టుకుందో పాపం. ఆ తల్లి అదే గదిలో ఉందిగా! టీచరు, “పిల్లలు చూసినదల్లా చేస్తారండీ. తాతగారి దగ్గు దగ్గుతారు, కోతిలా గెంతుతారు. నాలుగు రోజులు చేసి మానేస్తారు” అని, తర్వాత ఇంకో మాట అందట. “ఇక్కడ ఇరవై మంది పిల్లలకి ఇద్దరు టీచర్లం, ఇద్దరు ఆయాలు ఉన్నాం. మీ పాపకి ఏం తక్కువైందనిపించినా నాతో చెప్పండి. వాళ్ళమ్మతో కాదు.”

ఎంత పెద్ద మాటండీ అది! ‘వాళ్ళమ్మతో కాదు.’ బడి తెరిచి రెండు నెలలు కాకుండానే ఆ తల్లికి అడ్డంగా నిలబడింది ఆవిడ. చేర్చుకోవడమంటే అదే కాబోలు. వాడి వల్ల వచ్చిన చిక్కు వాళ్ళింటి చిక్కు కాదు, మన తరగతి చిక్కు.

దీనికి డబ్బు కావాలనీ, మనుషులు కావాలనీ కూడా చెప్పుకోవాలి. నలభై మంది పిల్లల్ని ఒక టీచరుకి అప్పగించి, వాళ్ళలో ఇద్దరు ఇలాంటి పిల్లల్ని కూర్చోబెట్టి, గేటు మీద ‘అందరి బడి’ అని బోర్డు కడితే అది రెండు వైపులవాళ్ళనీ మోసం చేయడమే. అక్కడ భయపడే తల్లి తప్పేమీ లేదు.

మన పిల్లలకి నష్టమా అని అడిగేవాళ్ళకి నేనొక సంగతి చెబుతుంటాను. మాంటిస్సోరి బడి అంటే మనవాళ్ళకి ఎంత మోజో తెలుసుగా! ఆ మరియా మాంటిస్సోరి డాక్టరు. 1900 ప్రాంతాల రోములో, బుద్ధి ఎదగలేదని పక్కన పెట్టేసిన పిల్లలతో ఆవిడ పని మొదలెట్టింది. చెవిటి పిల్లలకీ, ఇలాంటి పిల్లలకీ చదువు చెప్పిన ఇటార్, సెగాఁ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల పుస్తకాలు చదివి, చేత్తో తడిమి నేర్చుకునే వస్తువులు చేయించింది. ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలతో సమానంగా పరీక్షలు ప్యాసయ్యారు. లోకమంతా ఆశ్చర్యపోతే ఆవిడకి వేరే ఆశ్చర్యం కలిగింది: ఏ లోపమూ లేని పిల్లలు ఇంతకంటే బాగా ఎందుకు చదవడం లేదని! 1907లో రోములోనే సాన్ లోరెంజో అనే పేదల పేటలో ఆ వస్తువుల్నే మామూలు పిల్లల ముందు పెట్టింది. 1939లో మన మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉంది. ఇవాళ మనం వేలకి వేలు పోసి కొంటున్న ఆ చదువు, ఎవరి పక్కన మన పిల్లల్ని కూర్చోబెట్టడానికి జంకుతున్నామో వాళ్ళ దగ్గర మొదలైందన్నమాట.

ఈ కథ చెబితే అందరూ తలలు ఊపుతారు. అప్పుడే నాకు కొంచెం గుబులు పుడుతుంది. “అవునండీ, మన పిల్లలకీ లాభమే, దయాగుణం అలవడుతుంది” అంటారు. ఇది మళ్ళీ ఇంకో బేరం కాదూ? లాభముంది కాబట్టి రానిద్దామంటే, రేపు లాభం కనపడకపోతే పంపించేద్దామనేగా? వాడు మన పిల్లలకి దయ నేర్పే బొమ్మ కాదు. మీ అమ్మాయి ఎందుకు వచ్చిందో వాడూ అందుకే వచ్చాడు. ఇసకలో ఆడుకోవడానికి, పద్యం వినడానికి, ఇంటి దగ్గర అమ్మని కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వడానికి.

బడి చేయగలిగింది బడి గేటు దాకానే. గేటు దాటాక పుట్టినరోజులుంటాయి. తరగతిలో పందొమ్మిది మందిని పిలిచి ఒక్కణ్ణి వదిలేయడం ఏ చట్టం కిందకీ రాదు. “వాడికే ఇబ్బందని పిలవలేదండీ” అంటారు. ఆ తల్లి కూడా “అవునండీ, వాడికి గోల పడదు” అంటుంది. ఇద్దరూ మర్యాదగా అబద్ధం చెప్పుకుని ఇళ్ళకి వెళతారు.

మొన్న ఫిబ్రవరిలో, సమావేశంలో లేచి అడిగిందే, ఆవిడే, వాళ్ళ పాప పుట్టినరోజుకి వీణ్ణి పిలిచింది. ముందురోజు ఫోన్ చేసి, కుక్కరు పెట్టను, బెలూన్లు పగలగొట్టనివ్వను అని కూడా చెప్పిందట. నన్నూ రమ్మన్నారు, వెళ్ళాను. కేకు కోశాక పిల్లలెవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ చేతులు పైకెత్తి గాలిలో ఆడించారు. తరగతిలో అలాగే అలవాటయిందట. సంగతి తెలియని మామయ్య ఒకాయన టపటపా కొట్టబోతే, పుట్టినరోజు పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని “ష్, అలా కాదు, ఇలా” అని చూపించింది. వాడు మాత్రం వీళ్ళెవరినీ పట్టించుకోకుండా బల్ల కింద కూర్చుని రిబ్బను చుట్టుకుంటున్నాడు, విప్పుకుంటున్నాడు.

వాళ్ళమ్మ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. లోపలికి వచ్చి సోఫాలో కూర్చోమని ఇంటావిడ మూడుసార్లు చెప్పింది. “పర్లేదండీ” అంది మూడుసార్లూ. రెండు గంటలూ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుని, స్కూటరు తాళం వేలికి తగిలించుకునే ఉంది.